పెద్దల సభ: ఆలస్యం ఎవరి కోసం?

శాసన నిర్మాణానికి రెండు సభలు ఎందుకు అని అడిగితే పౌరశాస్త్ర పుస్తకాలన్నీ ఒకే జవాబు చెబుతాయి. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సభ ఆవేశంలో తొందరపడుతుంది. ఆ తొందరపాటును సరిదిద్దడానికి అనుభవజ్ఞుల సభ ఒకటి కావాలి అన్నది ఆ జవాబు. తెలుగులో మనం పెట్టుకున్న పేరు కూడా ఈ భావాన్నే మోస్తున్నది: పెద్దల సభ. ఊళ్ళో తగవు వస్తే పెద్దమనుషులు రచ్చబండ మీద కూచుని తీర్పు చెప్పడం మనకు తెలిసిందే. ఆ పెద్దమనుషులు ఎవరు, వాళ్ళకు పొలం ఎంత, తగవులో ఉన్న పాలేరుకు ఆ రచ్చబండ మీద చోటుందా అనే ప్రశ్నలూ మనకు తెలిసినవే. ఊరి పెద్దల గురించి అడిగే ఈ ప్రశ్నలను చట్టసభల్లోని పెద్దల గురించి మాత్రం చాలా అరుదుగా అడుగుతాం.

ఎగువ సభ ఆలస్యం చేస్తుంది అనడంలో వివాదం లేదు. దాని సమర్థకులే ఆ మాట గర్వంగా చెప్పుకుంటారు. తేల్చుకోవలసింది ఆ ఆలస్యం ఎవరికి మేలు చేసిందన్నదే. ఏ బిల్లు వచ్చినప్పుడు పెద్దలు నిదానించారు, ఏ బిల్లు వచ్చినప్పుడు పరుగెత్తారు? ప్రపంచంలోని అనేక ఎగువ సభలకు నమూనాగా నిలిచిన ఇంగ్లండు ప్రభువుల సభ చరిత్రలో ఇందుకు కావలసినంత సాక్ష్యం ఉంది. ఆ సభ ఛాయలోనే మన ఎగువ సభలూ పుట్టాయి కాబట్టి ఆ చరిత్ర మనకు పరాయిది కాదు.

ఉన్ని దిండు, నల్ల బెత్తం

ప్రభువుల సభ ఆచారాలు చూడడానికి ముచ్చటగా ఉంటాయి. సభకు అధ్యక్షత వహించేవారు ఎర్రగుడ్డ తొడిగిన పెద్ద ఉన్ని దిండు మీద కూచుంటారు. దాని పేరు వూల్‌సాక్. 14వ శతాబ్దంలో మూడవ ఎడ్వర్డు కాలం నుంచి ఈ ఆచారం వస్తున్నదని చెబుతారు. ఆనాటి ఇంగ్లండు సంపదకు ఉన్ని వ్యాపారమే ప్రాణం. ఆ తర్వాతి రెండు శతాబ్దాల్లో గొర్రెల మేత కోసం పొలాలకు కంచెలు వేసి రైతులను ఊళ్ళ నుంచి వెళ్ళగొట్టిన భూస్వాములే ఆ దిండు చుట్టూ కూచున్నారు. 1938లో ఆ దిండును విప్పి చూస్తే లోపల ఉన్న సరుకు గుర్రపు వెంట్రుకలని తేలింది. అప్పుడు బ్రిటిషు కామన్వెల్తు దేశాల నుంచి ఉన్ని తెప్పించి మళ్ళీ కూరారు. లోపల ఏమున్నదో ఎవరికీ తెలియకుండానే ఆచారం మాత్రం నిరాటంకంగా నడిచిందన్నమాట.

రెండో ఆచారం నల్ల బెత్తానిది. 1642 జనవరిలో మొదటి చార్లెస్ రాజు అయిదుగురు సభ్యులను నిర్బంధించడానికి సైనికులతో కామన్స్ సభకు వచ్చాడు. ఆ తర్వాత ఏ రాజూ ఏ రాణీ ఆ సభలో అడుగు పెట్టలేదు. పార్లమెంటు ప్రారంభించే రోజున ప్రభువుల సభ నుంచి బ్లాక్ రాడ్ అనే అధికారి వస్తే కామన్స్ సభ అతని ముఖం మీదే తలుపు మూస్తుంది. అతను నల్ల బెత్తంతో మూడుసార్లు తట్టిన తర్వాతే తెరుస్తుంది. ప్రజాప్రతినిధుల స్వతంత్రతకు ఇది గుర్తు అంటారు. తర్వాత జరిగేదాన్ని కూడా చూడాలి. తలుపు తెరుచుకున్నాక ఎన్నికైన సభ్యులు ఆ బెత్తం వెనకే నడిచి ప్రభువుల సభకు వెళ్ళి, గడప దగ్గర కటకటాల అవతల నిలబడి రాజు ప్రసంగం వింటారు. ప్రభువులు కూచునే ఉంటారు.

ఆచారాలు గతాన్ని గుర్తుంచుకునేది ఏరుకుని మాత్రమే. 1642 తలుపు సంగతికి ఏటా తంతు ఉంది. 1649కి ఏ తంతూ లేదు. ఆ ఏడాది మార్చిలో కామన్స్ సభ ప్రభువుల సభ నిరుపయోగమనీ, ఇంగ్లండు ప్రజలకు ప్రమాదకరమనీ ప్రకటించి దాన్ని చట్టం ద్వారా రద్దు చేసింది. రాజు తల తెగిన కొద్ది వారాలకే జరిగిన పని ఇది. 1660లో రాజరికం తిరిగి వచ్చినప్పుడు దాని వెంటే ప్రభువుల సభా తిరిగి వచ్చింది. ఆ మధ్య గడిచిన పదకొండేళ్ళు ఉన్ని దిండు మీద గాని నల్ల బెత్తం మీద గాని ఎక్కడా మచ్చ పడకుండా చూసుకున్నారు.

అయిదు వారాలు, పదిహేనేళ్ళు

18వ శతాబ్దం చివర ఆ సభలో ఉన్నది వంశపారంపర్యంగా వచ్చిన పెద్ద భూస్వాములు, ఆంగ్లికన్ చర్చి బిషప్పులు, వాళ్ళతో పాటు కొందరు న్యాయమూర్తులు. భూమి, మతం, న్యాయం ఒకే కప్పు కింద కూచున్నాయి. వాళ్ళు ఏది ఆపారో చూద్దాం.

బానిసల వ్యాపారాన్ని క్రమంగా ఆపాలనీ, 1796 నాటికి పూర్తిగా ముగించాలనీ 1792లో కామన్స్ సభ తీర్మానించింది. దేశమంతటి నుంచి వందలాది విజ్ఞాపన పత్రాలు వచ్చిన తర్వాత చేసిన తీర్మానం అది. ప్రభువుల సభ దాన్ని తిరస్కరించలేదు. కామన్స్ సభ విన్న సాక్ష్యం తమకు చాలదనీ, సాక్షులను తమ ముందే మళ్ళీ విచారించాలనీ అన్నది. ఆ విచారణ నత్తనడక నడిచి చివరికి ఆగిపోయింది. తర్వాత రాజైన క్లారెన్స్ డ్యూకు ఆ సభలోనే బానిస వ్యాపారాన్ని సమర్థిస్తూ మాట్లాడాడు. ఫ్రెంచి విప్లవం, హెయిటీ బానిసల తిరుగుబాటు పాలకులను భయపెట్టాక కామన్స్ సభ కూడా వెనక్కి తగ్గిన మాట నిజమే. 1804లో ఆ సభ మళ్ళీ బిల్లు ఆమోదిస్తే ప్రభువులు మళ్ళీ వాయిదా వేశారు. చట్టం 1807లో గాని రాలేదు. ఈ పదిహేనేళ్ళలో లక్షల మంది ఆఫ్రికన్లను బ్రిటిషు ఓడలు సముద్రం దాటించాయి. సాక్ష్యాల విచారణ అనే మర్యాదగల మాటకు చెల్లించిన మూల్యం అది.

మరో ఉదాహరణ. అంగట్లో అయిదు షిల్లింగుల సరుకు దొంగిలించినవాడికి అప్పటి ఇంగ్లండులో ఉరిశిక్ష ఉండేది. దాన్ని తొలగించాలని శామ్యూల్ రొమిలీ తెచ్చిన బిల్లును 1810లో కామన్స్ సభ ఆమోదించింది. ప్రభువుల సభ తోసిపుచ్చింది. వ్యతిరేకించినవారిలో ప్రధాన న్యాయమూర్తి ఎలెన్‌బరో ఉన్నాడు. ఏడుగురు మతాధిపతులూ ఉన్నారు. రొమిలీ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించాడు. 1818లో ఆయన చనిపోయేనాటికి కూడా ఆ బిల్లు చట్టం కాలేదు.

దీని పక్కన 1812 నాటి మరో బిల్లును పెట్టి చూడాలి. నాటింగ్‌హాం ప్రాంతంలో మేజోళ్ళు అల్లే కార్మికులు కూలి తగ్గి, పని పోయి, ఆకలికి తాళలేక యజమానుల మగ్గాలను విరగ్గొట్టారు. లడ్డైట్లు అని చరిత్రలో పేరు పడినవాళ్ళు వీళ్ళే. మగ్గం విరగ్గొట్టినవాడిని ఉరి తీయాలని ప్రభుత్వం ఫిబ్రవరిలో బిల్లు తెచ్చింది. కవి బైరన్ ప్రభువుల సభలో తన మొదటి ప్రసంగం ఈ బిల్లుకు వ్యతిరేకంగానే చేశాడు. అతని సొంత ఎస్టేటు ఆ జిల్లాలోనే ఉంది. తుర్కీ పాలనలో నలిగిపోతున్న ప్రాంతాలను చూసివచ్చాననీ, ఇంగ్లండు నడిబొడ్డున కనిపించిన దైన్యం అక్కడ కూడా కనిపించలేదనీ అన్నాడు. సభ మెచ్చుకుంది. పెద్దలు అభినందించారు. బిల్లు మార్చి 20న చట్టమైంది. ప్రవేశపెట్టిన నాటి నుంచి అయిదు వారాలు పట్టింది.

ఉరి తీసేయడానికి పదేళ్ళయినా చాలలేదు. ఉరి పెట్టడానికి అయిదు వారాలు చాలింది. నిదానం ఆ సభ స్వభావమే అయితే ఈ తేడా ఎలా వచ్చింది? రెండు బిల్లుల్లోనూ ఒకే ప్రశ్న ఉంది: సరుకు విలువైనదా, మనిషి విలువైనవాడా? ఆ ప్రశ్నకు సభ రెండుసార్లూ ఒకే జవాబు చెప్పింది. ఆస్తిని కాపాడే చట్టానికి నిదానం అడ్డు రాలేదు.

1831 అక్టోబరులో వచ్చిన ఓటుహక్కు సంస్కరణ బిల్లును ప్రభువుల సభ 41 ఓట్ల తేడాతో ఓడించింది. వ్యతిరేకించినవారిలో 21 మంది బిషప్పులు. వాళ్ళు అటు మొగ్గి ఉంటే బిల్లు నెగ్గేది. డెర్బీలో అల్లర్లు చెలరేగాయి. నాటింగ్‌హాంలో న్యూకాజిల్ డ్యూకు కోట తగలబడింది. బ్రిస్టల్ నగరం కొన్ని రోజులు జనం చేతుల్లో ఉంది. బిల్లుకు అనుకూలంగా ఓటేసే కొత్త ప్రభువులను తగినంతమందిని సృష్టించడానికి రాజు ఒప్పుకున్నాక పాత ప్రభువులు తప్పుకున్నారు. 1832 జూన్‌లో చట్టం వచ్చింది. దానివల్ల ఓటు దక్కింది మధ్యతరగతికే. వీధిలో పోరాడిన కార్మికుడికి దక్కలేదు. అందుకే కొద్ది ఏళ్ళలో చార్టిస్టు ఉద్యమం లేచింది. అయినా ఒక పాఠం అప్పుడే తేలింది: పెద్దల సభ తర్కానికి లొంగలేదు, బయటి బలానికి లొంగింది.

తీర్పులు, పన్నులు, ఐర్లండు

ఆ సభ చట్టాలు చేయడంతో ఆగలేదు. 2009లో విడిగా సుప్రీం కోర్టు ఏర్పడేదాకా బ్రిటన్‌లో అంతిమ న్యాయస్థానం కూడా అదే. వెల్ష్ రైల్వే కార్మికుల సమ్మె వల్ల టాఫ్ వేల్ రైల్వే కంపెనీకి కలిగిన నష్టాన్ని కార్మిక సంఘమే చెల్లించాలని ఆ సభలోని న్యాయమూర్తులు 1901లో తీర్పు చెప్పారు. ఆ సంఘం 23,000 పౌండ్ల నష్టపరిహారం కట్టవలసి వచ్చింది. ఏ సంఘమూ ఇక ధైర్యంగా సమ్మెకు దిగలేని స్థితి వచ్చింది. లేబర్ పార్టీ బలపడడానికి ఈ తీర్పు చేసిన దోహదం ఇంతా అంతా కాదు. 1906 ఎన్నికల్లో కార్మికుల ఓట్ల బలం చూశాక, తీర్పును రద్దు చేసే బిల్లు వస్తే ప్రభువుల సభ మాట్లాడకుండా ఆమోదించింది. ఆ విషయం మీద పోరాడితే ఓడిపోతామని వాళ్ళ నాయకుడు లాన్స్‌డౌన్ లెక్క వేశాడు. ఈయన మన దేశానికి వైస్రాయిగా చేసినవాడు. ఐర్లండులో పెద్ద భూస్వామి. ఒకే మనిషికి ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఓటు ఉండే పద్ధతిని తీసేసే బిల్లును మాత్రం అదే ఏడాది ఓడించారు.

అసలు పోరు 1909 బడ్జెట్టు మీద వచ్చింది. వృద్ధాప్య పింఛన్లకూ యుద్ధ నౌకలకూ డబ్బు కావాలి. లాయిడ్ జార్జి ఏడాదికి 5,000 పౌండ్లు మించిన ఆదాయాల మీద అదనపు పన్ను వేశాడు. యజమాని ఏ శ్రమా చేయకుండానే పెరిగిన భూమి విలువలో అయిదో వంతును పన్నుగా అడిగాడు. ఆర్థిక బిల్లులను ప్రభువులు ముట్టుకోరనేది రెండు శతాబ్దాలకు పైగా ఉన్న ఆచారం. 1909 నవంబరు 30న 350కి 75 ఓట్లతో ఆ ఆచారాన్ని తామే పక్కన పెట్టి బడ్జెట్టును తిరస్కరించారు. ఉన్ని దిండు ఆచారాన్ని శతాబ్దాలు కాపాడినవాళ్ళు భూమి మీద పన్ను అనేసరికి ఒక్క సాయంత్రంలో ఆచారం వదిలేశారు.

1910లో రెండుసార్లు ఎన్నికలు జరిగాయి. కొత్త ప్రభువులను వందల సంఖ్యలో సృష్టిస్తామన్న బెదిరింపు మళ్ళీ పని చేసింది. కొత్తవాళ్ళు గుంపుగా వచ్చి పడితే ప్రభువు అనే మాటకే విలువ పోతుందని, లొంగిపొమ్మని సలహా ఇచ్చినవారిలో బెంగాలును విభజించిన కర్జన్ ఒకడు. 1911 ఆగస్టు 10న 131కి 114 ఓట్లతో పార్లమెంటు చట్టాన్ని ఆ సభ ఒప్పుకుంది. దాని ప్రకారం ఆర్థిక బిల్లును ఒక నెలకు మించి ఆపలేరు. మిగతా వాటిని రెండేళ్ళు ఆపగలరు. వీటో పోయి వాయిదా మిగిలింది. వంశపారంపర్య సభ స్థానంలో ప్రజల మీద ఆధారపడిన సభను తేవాలని ఆ చట్టం పీఠికలోనే రాసుకున్నారు. నూరేళ్ళు దాటినా ఆ మాట నెరవేరలేదు.

రెండేళ్ళ వాయిదా చిన్న విషయమని అప్పుడు చాలామంది అనుకున్నారు. ఐర్లండు అనుభవం వేరుగా చెబుతుంది. ఐర్లండుకు స్వపరిపాలన బిల్లును 1893లో ప్రభువుల సభ 419కి 41 ఓట్లతో ఓడించింది. 1912లో మళ్ళీ బిల్లు వచ్చింది. 1913లో రెండుసార్లు తిరస్కరించారు. ఆ వాయిదా కాలంలోనే అల్‌స్టర్‌లో బిల్లు వ్యతిరేకులు సాయుధ దళాలు కట్టి తుపాకులు దించుకున్నారు. అటువైపు జాతీయవాదులూ దళాలు కట్టారు. 1914 సెప్టెంబరులో చట్టం వచ్చేసరికి ప్రపంచ యుద్ధం మొదలైంది. చట్టాన్ని అమలు చేయకుండా పక్కన పెట్టారు. 1916లో డబ్లిన్ తిరుగుబాటు, దాని నాయకుల కాల్చివేత, ఆ తర్వాత దేశ విభజన. వీటన్నిటికీ ఒక్క ప్రభువుల సభే కారణం అనడం సరి కాదు. అయితే శాంతియుతంగా తేలగల సమస్య తుపాకుల దాకా వెళ్ళడానికి కావలసిన గడువు ఆ సభ ఇచ్చిందే.

మన దేశం మీద ఆ నీడ

ప్రభువుల సభ మన దేశ చరిత్రలో కూడా రెండుసార్లు న్యాయపీఠంలా కనిపిస్తుంది. వారన్ హేస్టింగ్స్ అక్రమాల మీద కామన్స్ సభ పెట్టిన అభియోగాన్ని ఆ సభ 1788 నుంచి 1795 దాకా ఏడేళ్ళు విచారించింది. మొదట్లో చూడడానికి లండన్ సంపన్నులు టిక్కెట్ల కోసం ఎగబడ్డారు. చివరికి జనం మరచిపోయాక హేస్టింగ్స్ నిర్దోషిగా బయటికి వచ్చాడు.

రెండోది జలియన్‌వాలాబాగ్. నిరాయుధుల మీద కాల్పులు జరిపించిన డయ్యరును ప్రభుత్వం పదవి నుంచి తప్పించడాన్ని 1920 జులైలో కామన్స్ సభ సమర్థించింది. అదే నెలలో ప్రభువుల సభ డయ్యరుకు అన్యాయం జరిగిందని విచారిస్తూ 129కి 86 ఓట్లతో తీర్మానించింది. అప్పటికి ఏడాది కిందటే ఎస్.పి. సిన్హా ఆ సభలో కూచున్న మొదటి భారతీయుడయ్యాడు. ఒక భారతీయుడికి కుర్చీ ఇవ్వడం, భారతీయులను చంపినవాడికి సానుభూతి చూపడం ఆ సభకు ఒకేసారి సాధ్యమయ్యాయి.

సంస్కరణ అనే మరమ్మతు

1949లో వాయిదా గడువు రెండేళ్ళ నుంచి ఒక ఏడాదికి తగ్గింది. 1958 చట్టం జీవితకాల సభ్యులను తెచ్చింది; స్త్రీలు ఆ సభలో మొదటిసారి కూచున్నది అప్పుడే. 1968లో రొడీషియాలోని తెల్ల దురహంకార ప్రభుత్వం మీద ఆంక్షల ఉత్తర్వును ప్రభువులు తిరస్కరించారు. 1999లో ఆరువందల మందికి పైగా వంశపారంపర్య సభ్యులను పంపించివేసి, రాజీగా 92 మందిని ఉంచారు. వాళ్ళలో ఖాళీలు వస్తే ఉప ఎన్నికలు జరిపేవారు. 2016లో జరిగిన అలాంటి ఒక ఎన్నికలో అభ్యర్థులు ఏడుగురు, ఓటర్లు ముగ్గురు. మిగిలిన వారసులను కూడా తొలగించే బిల్లు 2024లో వచ్చింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఉగ్రవాద అనుమానితులను నేరారోపణ లేకుండా 42 రోజులు నిర్బంధించవచ్చునన్న ప్రతిపాదనను 2008లో ప్రభువుల సభ భారీ మెజారిటీతో ఓడించింది. ప్రభుత్వం దాన్ని వదులుకుంది. ఎగువ సభ సమర్థకులు చూపే గట్టి ఉదాహరణ ఇదే. అయితే ఆ ప్రతిపాదన కామన్స్ సభలోనే 9 ఓట్ల తేడాతో గట్టెక్కింది. బయట పౌరహక్కుల సంఘాలు అప్పటికే దాన్ని నిలదీశాయి. కింద సందేహం ఉండి, బయట ఉద్యమం ఉన్న చోట పైసభ అడ్డు చెప్పగలిగింది. లడ్డైట్లను ఉరి తీసే బిల్లు వచ్చినప్పుడు ఆ రెండూ లేవు. బైరన్ ప్రసంగం ఒక్కటే ఉంది.

మనం తెచ్చుకున్న వారసత్వం

ఈ దేశంలో మొదటి ఎగువ సభ 1919 చట్టం కింద ఏర్పడి 1921లో సమావేశమైన కౌన్సిల్ ఆఫ్ స్టేట్. అరవై మంది సభ్యుల్లో దాదాపు సగం మంది నియమితులు. మిగతావారిని ఎన్నుకునే హక్కు ఈ విశాల దేశంలో కొన్ని వేలమంది ధనికులకే ఉండేది. ఆ సభ ఎందుకు అవసరమయిందో 1923లో తేలింది. ఉప్పు పన్నును మణుగుకు రూపాయి పావలా నుంచి రెండున్నర రూపాయలకు పెంచే ప్రతిపాదనను కేంద్ర శాసనసభ తిరస్కరించింది. కౌన్సిల్ ఆఫ్ స్టేట్ ఆమోదించింది. వైస్రాయి రీడింగ్ తన ప్రత్యేకాధికారంతో దాన్ని చట్టం చేశాడు. ఇక్కడ పెద్దల సభ తొందరను ఆపలేదు; తొందరపడిన వైస్రాయికి చేయూతనిచ్చింది.

1935 చట్టం మద్రాసుతో సహా ఆరు రాష్ట్రాలకు ఎగువ సభలిచ్చింది. ఆ మద్రాసు మండలి తెలుగువారి చరిత్రలో నిర్ణాయకంగా కనిపించేది 1952లో. తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఉమ్మడి మద్రాసు శాసనసభలోని 375 స్థానాల్లో కాంగ్రెసుకు వచ్చినవి 152. ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెసు హేమాహేమీలు ఓడిపోయారు. ప్రకాశం నాయకత్వంలో కమ్యూనిస్టులతో కలిసి ఐక్య ప్రజాస్వామిక కూటమి ఏర్పడింది. గవర్నరు శ్రీప్రకాశ ఎన్నికల్లో పోటీయే చేయని రాజాజీని శాసన మండలికి నియమించి, ముఖ్యమంత్రిని చేశాడు. ఓటరు మూసిన తలుపు పక్కనే ఇంకో తలుపు ఉందని అప్పుడు అందరికీ అర్థమైంది.

రాజ్యాంగ పరిషత్తులో ఎగువ సభ గురించి ఎన్. గోపాలస్వామి అయ్యంగార్ చెప్పిన సమర్థన కూడా ఆలస్యం గురించే: హుందాగా చర్చ జరుగుతుంది, క్షణికావేశంలో పుట్టిన చట్టాలు కొంత ఆగుతాయి. రాజ్యసభ ఏ చట్టాలను ఆపగలిగిందో, ఏవి ఆపలేకపోయిందో రెండు సంఘటనలు చూస్తే చాలు.

1970 సెప్టెంబరులో మాజీ సంస్థానాధీశుల రాజభరణాలను రద్దు చేసే రాజ్యాంగ సవరణను లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభలో అనుకూలంగా 149, వ్యతిరేకంగా 75 ఓట్లు వచ్చాయి. మూడింట రెండు వంతులకు ఒక్క ఓటు కన్నా తక్కువ తేడాతో బిల్లు పోయింది. రాజుల పింఛను 1971 డిసెంబరులో 26వ సవరణ వచ్చేదాకా బతికింది. 2002 మార్చి 21న విచారణకు ముందే 180 రోజుల దాకా నిర్బంధించడానికి వీలిచ్చే పోటా బిల్లును రాజ్యసభ 113కి 98 ఓట్లతో తిరస్కరించింది. మార్చి 26న ఉభయ సభల ఉమ్మడి సమావేశం పెట్టి 425కి 296 ఓట్లతో నెగ్గించుకున్నారు. 2004లో రద్దయ్యేలోపు ఆ చట్టం ఎందరి బతుకులను జైళ్ళలో నలిపిందో తెలిసిందే.

రాజులకు ఏడాదికి పైగా గడువు దొరికింది. పౌరుడికి దొరికింది అయిదు రోజులు. విధానపరంగా దీనికి వివరణ ఉంది: రాజ్యాంగ సవరణకు ఉమ్మడి సమావేశం వర్తించదు, మామూలు బిల్లుకు వర్తిస్తుంది. ఆ వివరణలోనే అసలు విషయం ఉంది. రాజుల పింఛనును రాజ్యాంగంలో రాసి భద్రపరిచారు. మనిషిని నిర్బంధించే అధికారాన్ని మామూలు మెజారిటీకి అందేంత ఎత్తులో ఉంచారు. ఆలస్యం అనే రక్షణ ఎవరికి దక్కాలో ఓటింగుకు ముందే నిర్ణయమైంది.

మన రాష్ట్రంలో శాసన మండలి 1958లో 90 మంది సభ్యులతో మొదలైంది. అధికార పక్షానికి అక్కడ బలం లేని రోజుల్లో, 1985లో రద్దయింది. 2007లో మళ్ళీ వచ్చింది. 2014 విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను మండలి సెలెక్టు కమిటీకి పంపితే, కొద్ది రోజుల్లోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ మండలి రద్దుకు తీర్మానించింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని ఉపసంహరించుకున్నారు. పెట్టినప్పుడూ తీసినప్పుడూ లెక్క ఒకటే: అక్కడ మన బలం ఎంత? పట్టభద్రుడికి విడిగా ఒక నియోజకవర్గం ఎందుకు, వ్యవసాయ కూలీకి ఎందుకు లేదు అనే ప్రశ్న ఈ రద్దుల్లో గాని పునరుద్ధరణల్లో గాని చర్చకు రాలేదు. విశ్వవిద్యాలయ పట్టభద్రులకు అదనపు ఓటును ఇంగ్లండు 1948 చట్టంతో తీసేసింది. మనం దాన్ని రాజ్యాంగంలో చేర్చుకున్నాం.

రచయిత కుర్చీ

రచయితలకు ఈ చర్చతో నేరుగా సంబంధం ఉంది. రాజ్యాంగం 80వ అధికరణం రాజ్యసభకూ, 171వ అధికరణం శాసన మండలికీ నియమించదగిన వారిలో సాహిత్యవేత్తలను ముందుగానే పేర్కొన్నాయి. విశ్వనాథ సత్యనారాయణ, జాషువా మండలికి నియమితులయ్యారు. సి. నారాయణరెడ్డి 1997లో రాజ్యసభకు వెళ్ళారు. ఊరి రచ్చబండ మీద చోటు దొరకని కులం నుంచి వచ్చిన జాషువాకు ఆ గౌరవం దక్కడాన్ని ఎవరూ తక్కువ చేయలేరు. అయినా నియామకం ప్రభుత్వం చేతిలో ఉన్నంత కాలం ఆ కుర్చీ రచయితను ఒక మాట అడుగుతూనే ఉంటుంది: నిన్ను ఇక్కడ కూచోబెట్టినవాళ్ళ బిల్లు వచ్చినప్పుడు ఏం చేస్తావు?

పెద్దల సభను వాడుకున్నవాళ్ళు లేకపోలేదు. పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభకు ఎన్నికై అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించారు. ఆయన వెనక తెలంగాణ పోరాటం ఉంది, లక్షలమంది ఓట్లు ఉన్నాయి. సభ ఆయనకు వేదిక అయింది. ఆయన సభకు అలంకారం కాలేదు. బైరన్ వెనక అలాంటిదేమీ లేదు. అతను ఉరి బిల్లు మీద పత్రికలో పేరు లేకుండా ఒక వ్యంగ్య కవిత అచ్చు వేయించాడు. ఆ కవితను ఈనాటికీ చదువుతున్నారు. పొగిడిన పెద్దల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

కాబట్టి మండలి ఉండాలా వద్దా అని పార్టీలు అడిగినప్పుడు రచయితలు వాళ్ళ బలాబలాల లెక్కలో చిక్కుకోకూడదు. ఏ బిల్లు ఎన్ని రోజులు ఆగింది, అది ఆగడంవల్ల ఎవరి ఇంట్లో దీపం వెలిగింది, ఎవరి ఇంట్లో ఆరింది అని అడగాలి. ఒక్కొక్క సభకూ ఒక్కొక్క బిల్లుకూ ఈ లెక్క రాసి ప్రజల ముందు పెట్టడం మన పని. ఆ పని చేయడానికి ఏ గవర్నరు నియామకమూ అక్కరలేదు.